పుస్తకమును వెదకు విద్య

పుస్తకమును చదువుట యొక విద్య. కావలసిన పుస్తకమును వెదకి పట్టుట మరియొక విద్య. మొదటిదానిని పాఠశాలలో నేర్పుచున్నాము. రెండవది దానంతట అదియే వచ్చునని విడిచిపెట్టుచున్నాము. నేడు గ్రంథాలయము అరచేతిలోనికి వచ్చినది గనుక ఈ రెండవ విద్యను ఎనిమిదవ తరగతినుండియే నేర్పవలయునని నా అభిప్రాయము.

తెలంగాణమున ఒకప్పుడు తెలుగు పుస్తకము దొరకుటయే గగనముగా నుండెను. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినప్పుడు తెలుగువారు పొందిన ఆనందమును నేటి బాలురు ఊహించుట కష్టము. కాని మన అక్కన్నపేటవంటి పల్లెనుండి అచ్చటికి పోయి చదువుట ఎందరికి సాధ్యము? ఇప్పుడా దూరము తగ్గినది. కేంద్ర విద్యామంత్రిత్వశాఖ ప్రోత్సాహముతో ఖరగ్‌పూరులోని ఐ.ఐ.టి. వారు నిర్మించిన భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయము 2018 జూన్ 19న జాతికి అంకితమైనది. ఇందు పేరు నమోదు చేసికొనుటకు రుసుము లేదు.

ఇది పుస్తకములన్నిటిని ఒకచోట పేర్చిన కొట్టు కాదు. అనేక సంస్థలయందున్న గ్రంథములు, పాఠములు, వ్యాసములు మొదలగువాని వివరములను ఒక పట్టికగా కూర్చి, మనము కోరినది ఎచ్చటనున్నదో అచ్చటికి దారి చూపును. ఆ దారి చివర కొన్ని తలుపులు చందా కట్టినవారికే తెరచుకొనును. అట్టివి ఎదురైనప్పుడు నిరుత్సాహపడక వేరొకదానిని చూడవలెను. భాషను, విషయమును, తరగతిని ఎంచుకొని వడబోసినచో వేలకొలది పేర్లలో చదువదగినవి కొన్ని మిగులును.

అయితే యంత్రము మన అక్షరములనే చూచును. మన మనసును చూడదు. మన ఊరినే ఉదాహరణముగా గైకొందము. ఒక విద్యార్థి ఊరి చరిత్ర వ్రాయబూని ‘అక్కన్నపేట’ అని అడిగెననుకొందము. మెదకు జిల్లాలోను ఒక అక్కన్నపేట కలదు. దానికి రైలు స్టేషను కూడ కలదు. ఆ సంగతులే ముందుగా వచ్చిపడవచ్చును. తొందరపాటు గలవాడు ఆ రైలును తెచ్చి మన ఊరిలో నిలుపును! పోనీ, ‘సిద్దిపేట జిల్లా’ అని చేర్చి అడిగినచో పాత పుస్తకములు చిక్కవు. ఏలయన ఆ జిల్లా ఏర్పడినది 2016 అక్టోబరు 11న. అంతకుముందు మన ఊరు కరీంనగరు జిల్లాలో, హుస్నాబాదు మండలమున నుండెను. ఇంకను వెనుకకు పోయినచో, ఇరువదవ శతాబ్దారంభమువరకు ఆ కరీంనగరు జిల్లానే ఎలగందల జిల్లా యనుచుండిరి. కావున 1900 ప్రాంతపు సంగతులు కావలసినవాడు ఎలగందల పేరుతో అడుగవలయును. ఈ మాట తెలియనివానికి గ్రంథాలయమెంత పెద్దదైనను మూగదే.

మరియొక చిక్కు కలదు. పాత తెలుగు పుస్తకములు అనేకములు రోమను లిపిలో వ్రాసిన పేర్లతో పట్టికలకెక్కినవి. వాని వర్ణక్రమము ఒక్కొక్కచోట మిక్కిలి వింతగా నుండును. తెలుగున దొరకనిదానిని రోమను లిపిలో, అదియు రెండు మూడు విధములుగా వ్రాసి చూడుడు. గ్రంథకర్త పేరుతోను చూడుడు.

దొరకినదంతయు ప్రమాణము గాదు. మన ఊరిపేరు వినగానే గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానాషా కొలువులోని అక్కన్న తలపునకు వచ్చుట సహజమే. అక్కన్నమాదన్నలనుగూర్చి పుస్తకములును లభించును. కాని ఆ అక్కన్న పేరనే మన ఊరు వెలసినదని వ్రాయదలచినవాడు, అట్లు చెప్పు గ్రంథమునో శాసనమునో చూపవలయును. చూపలేనప్పుడు ‘పేర్లు కలిసినవి’ అని మాత్రమే వ్రాసి ఊరకుండుట మేలు. ఇంటర్నెట్ కేంద్రమున అచ్చువేయించిన కాగితముల బరువునుబట్టి ప్రాజెక్టులకు మార్కులు వేయు ఆచారమున్నంతకాలము ఇట్టి నిగ్రహము పిల్లలకెట్లు అలవడును? ఇందు తప్పు పిల్లలది కాదు, మార్కులు వేయువారిది.

పిల్లల చేతికి ఫోను ఈయరాదని నా ఈడువారు పలువు రందురు. వారి భయము నిరాధారము కాదు. ఆ పెట్టెలోనే ఆటలును గలవు. కాని పట్నపు బాలునికి ఇంటికి చేరువనే గ్రంథాలయ ముండవచ్చును. పల్లెలోని బాలికకు ఆ పెట్టెయే గ్రంథాలయము. దానిని మూయుట న్యాయము గాదు. వారమునకొక గంట ఉపాధ్యాయుని యెదుట తెరిపింపవలెను.

విద్యార్థులారా, ఫోను తెరచుటకు ముందే మీ ప్రశ్నను నోటుపుస్తకమున ఒక్క వాక్యముగా వ్రాసికొనుడు. దాని క్రింద, ఆ విషయమునకు గల వేరు పేర్లను, పాత పేర్లను వ్రాయుడు. ఏ మాటతో వెదకినప్పుడు ఏమి దొరకెనో, ఏమియు దొరకలేదో గుర్తు పెట్టుడు. పుస్తకము దొరకినచో గ్రంథకర్త పేరును, ముద్రించిన సంవత్సరమును, పుటసంఖ్యను వ్రాసికొనుడు. ఎచ్చటను దొరకనిచో ఊరిలోని వృద్ధులను అడిగి, చెప్పినవారి పేరును, ఆనాటి తేదీని దాని ప్రక్కనే చేర్చుడు.