ఊహారాజ్యంలో ఉప్పు ధర

పాచికలనగానే మనకు శకుని జ్ఞాపకం వస్తాడు. రాజ్యాలు పోగొట్టుకోవడానికి కాక, రాజ్యాలు కట్టుకోవడానికి పాచికలు వేసే ఆట కూడా ఒకటుంది. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు బయటికి తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ తరహా ఆటలకు ఆది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు సూత్రధారుడు. మిగిలినవారిలో ఒకరు వీరుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు దొంగ. “మీ ఎదుట ఒక గుహ ఉంది” అంటాడు సూత్రధారుడు. ఏం చేస్తారో వీళ్ళు చెబుతారు. ఫలితం పాచిక తేలుస్తుంది. వీధిభాగోతానికీ వైకుంఠపాళికీ పుట్టిన బిడ్డ అనుకోండి.

కోదాడలో మా మేనల్లుడు ఇప్పుడు సూత్రధారుడు. స్నేహితుల కోసం ఒక రాజ్యమే కల్పించాడు. పటం గీశాడు. రాజుల వంశవృక్షం ఏడు తరాలు రాశాడు. ధరల పట్టిక తెచ్చి నాకు చూపించాడు. ఖడ్గం పదిహేను బంగారు నాణేలట.

“ఉప్పెంతరా?” అన్నాను.

“ఉప్పెవరు కొంటారు మామయ్యా!” అన్నాడు.

వంశవృక్షం ఉన్న రాజ్యాలు చాలానే ఉంటాయి. ఉప్పు ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియని రాజ్యాన్ని మాత్రం నేను నమ్మను. గైగాక్స్ అమాయకుడేమీ కాడు సుమండీ. 1978 నాటి తన పుస్తకంలో ఆయనే చెప్పుకున్నాడు, ఈ ధరలు మామూలు ఊళ్ళవి కావని. బంగారం దొరికిన రోజుల్లో అలాస్కాలో గుడ్డు ఒక్కటి ఒక డాలరుకు అమ్మిందే, అలాంటి ఊళ్ళవని. ఆ మాట దాటవేసి, పట్టికను మాత్రం పిల్లలు కంఠస్థం చేస్తారు.

నమ్మదగిన రాజ్యం కోసం వీళ్ళు అలాస్కా దాకా పోనక్కరలేదు. 1948 దాకా కోదాడ నిజాం రాజ్యపు అంచు. బండి కట్టుకుని తూర్పుగా ఒక పూట పోతే జగ్గయ్యపేట. అది ఇంగ్లీషువారి మద్రాసు రాజధానిలోది. ఇవతల నిజాం హాలీ రూపాయి, అవతల కల్దారు రూపాయి. ఏడు హాలీలు ఆరు కల్దార్లకు సమానం. అంటే అవతల నూరు రూపాయల సరుకు కొనాలంటే ఇవతలివాడు నూటపదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు తీయాలి. ఆ పైన నాణెం మార్చే షావుకారు వట్టం వేరే. సరిహద్దు దాటే సరుకు మీద నిజాంగారి కరోడ్‌గిరీ వారి సుంకం.

నిజాం రాజ్యానికి సముద్రం లేదు. కాబట్టి సముద్రపుటుప్పు ఇంగ్లీషువారి సీమనుంచే రావాలి. ఎడ్లు దారిలో మేస్తాయి, బండివాడు తింటాడు, నాకాదారు చెయ్యి చాస్తాడు. ఉప్పు మైలుకొక ధర అవుతుంది. సుంకం ఉన్నచోట రాత్రిళ్ళు దొడ్డిదారి పుట్టక మానదు. ఒక్క ఉప్పుబస్తాలో ఇన్ని కథలుండగా డ్రాగన్ కాపలా కాసే నిధి దేనికి?

ఆ నిధి సంగతి కూడా చెప్పాను. వీరులు గోనెడు బంగారం తెచ్చి పల్లెటూరి పూటకూళ్ళింట గుమ్మరిస్తే ఆ అమ్మ చిల్లర ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఊళ్ళో వడ్లు పుట్టెడైనా పెరగలేదు, నాణేలు మాత్రం పెరిగాయి. పది రోజుల్లో బియ్యం ధర కొండెక్కుతుంది. ఊరివాళ్ళు వీరులకు దండలు వేయరు, దుమ్మెత్తి పోస్తారు.

రాజు ఓడితే మర్నాడే పాత నాణెం మాయమయ్యేట్టు రాసుకున్నాడు మా వాడు. అది కొట్టేయించాను. హైదరాబాదు 1948 సెప్టెంబరులో ఇండియాలో కలిసింది; హాలీ రూపాయి పూర్తిగా రద్దయింది 1959లో. రాజు దిగిపోయినంత తేలిగ్గా నాణెం దిగిపోదు.

ఇంతవరకు వాడు ఉత్సాహంగా రాసుకున్నాడు. తరువాత నేనడిగింది నచ్చలేదు: “కోటలో బట్టలు ఎవరు ఉతుకుతారు? కూలి ఎంత?” పట్టికలో లేదు. ఉండదు కూడా. ఈ ప్రాంతంలో ఆ పనికి ధర లేకపోవడమే ఆనాటి ఆర్థికశాస్త్రం. దానిపేరు వెట్టి. చాకలి ఉతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, దొరవారి గడీకీ సర్కారు నౌకర్లకీ ఊరంతా ఊరకే చెయ్యాలి. గడీ అంత ఎత్తుకు లేచింది ఆ రాయని పద్దు మీదనే. ఆనాటి నల్లగొండ జిల్లా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన చేని పంట విసునూరు దేశముఖు మనుషులకు దక్కనీయక నిలబడింది. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధపోరాటానికి వెట్టి ఒక ముఖ్యకారణం.

“ఆటలో కూడా ఇవన్నీ ఎందుకు మామయ్యా, సరదాగా ఆడుకుంటుంటే!” అన్నాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఎవరి తాత వీపుమీద మోసిన బరువో ఇంకొకరికి కాలక్షేపం కావడం నాకూ రుచించదు. కాని బరువు మోసినవాణ్ణి పటంలోంచే తుడిచేసి కోటను మాత్రం ఉంచుకోవడం అంతకంటే రుచించదు. చివరికి వాడు వెట్టిని రాజ్యంలో పెట్టాడు.

ఆ ఆదివారం నేను పక్కగదిలో పేపరు చదువుకుంటూ విన్నాను. గుహకు పోయే దారిలో కోట తగిలింది. అక్కడ చాకలామెకు కూలి లేదని సూత్రధారుడు చెప్పగానే, మాంత్రికురాలి వేషం కట్టిన పిల్ల ప్రయాణం ఆపేసింది. కూలి ఖాయం చేస్తేగాని కదలనంది. నాణేలా, గింజలా అని తగవు. నాణెమిస్తే ఆమె ఎక్కడ మార్చుకుంటుంది, గింజలే నయమంది ఆ పిల్ల. అయితే ఎవరి కుంచంతో కొలవాలి, దొర కుంచం తక్కువ పట్టదా అన్నాడు దొంగ వేషం కుర్రవాడు. దొంగ కదా, వాడికే తట్టింది. ఇంటికి నెలకు రెండు కుంచాల జొన్నలని ఒకరు, మూడని ఒకరు. వంటింట్లోంచి మా అక్కయ్య మానికకు ఎన్ని సోలలో చెప్పవలసివచ్చింది.

రెండు గంటలు గడిచినా బేరం తెగలేదు. గుహలో డ్రాగన్ అలాగే కాచుకుని ఉంది.