బీడు కనబడుతుంది, కారణం కనబడదు

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గోదావరి కాలువల కింద సారవంతమైన భూముల్లో వేల ఎకరాల్లో నాట్లు పడలేదు. ఆ సీజన్ ఉపగ్రహ చిత్రాలను మాత్రమే చూసేవారికి అక్కడ వరి పెరగలేదన్న సంగతి తెలుస్తుంది. పెట్టుబడి పెరిగి, ధర గిట్టుబాటు కాక, కూలీలు దొరక్క, మురుగునీరు పోయే దారి లేక రైతులు సాగు మానుకున్నారన్నది మాత్రం తెలియదు.

ఈ తేడా ఇప్పుడు డబ్బుతో ముడిపడింది. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమ దిగుబడి అంచనాలో కనీసం 30 శాతం వెయిటేజీని రిమోట్ సెన్సింగ్ వంటి సాంకేతిక పద్ధతులకు ఇస్తున్నారు. పెట్టుబడి సాయం సాగు భూములకే అందాలన్న వాదన బలపడేకొద్దీ, ఏది సాగు, ఏది బీడు అని తేల్చే పనీ ఉపగ్రహాల మీదే పడుతుంది. పొలం ముఖం చూడకుండా కార్యాలయంలో కూర్చుని రాసే అడంగల్ కంటే ఉపగ్రహ చిత్రం నయమే. కానీ అది ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో తెలుసుకునే వాడాలి.

పచ్చని ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుంటుంది, సమీప పరారుణ కాంతిని ఎక్కువగా వెనక్కి పంపుతుంది. ఈ రెండింటి తేడా నుంచి ఎన్‌డీవీఐ అనే పచ్చదన సూచీని లెక్కిస్తారు. పంట పొలంలో ఇది విత్తిన తర్వాత పెరిగి, కోతల నాటికి పడిపోతుంది. ఈ హెచ్చుతగ్గులే సాగుకు గుర్తు. వదిలేసిన పొలం బోడిగానే ఉంటుందనుకుంటే పొరపాటు. మెట్ట ప్రాంతాల్లో కొన్నేళ్లలోనే సర్కారు తుమ్మ అల్లుకుపోతుంది. వేసవిలో తీసిన చిత్రంలో ఆ పొలం, కోత కోసిన పక్క పొలం కంటే పచ్చగా కనిపిస్తుంది.

అందుకే ఒక్క ఏడాది చిత్రంతో ఏదీ తేలదు. మన భూ వినియోగ గణాంకాలే ఈ సంగతి ఎప్పుడో గుర్తించాయి. ఒక ఏడాదికి మించకుండా ఖాళీగా ఉంటే ప్రస్తుత బీడు, ఏడాది నుంచి ఐదేళ్లలోపు ఉంటే ఇతర బీడు, ఐదేళ్లు దాటితే సాగు యోగ్యమైన బంజరు. వాన రాక ఒక ఏడాది ఆగిన రైతునూ, వలస వెళ్లి పొలం వదిలేసిన రైతునూ ఒకే గాటన కట్టకూడదు. ల్యాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, 2008 నుంచి ఉచితంగా అందుతున్నాయి. ఏళ్ల తరబడి వెనక్కి చూసే వీలున్నప్పుడు ఒక్క సీజన్‌తో తీర్పు చెప్పాల్సిన అవసరం లేదు.

కమతాల పరిమాణం మరో చిక్కు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు. సెంటినల్-2 చిత్రంలో ఒక పిక్సెల్ 10 మీటర్ల చదరం. అంటే అర ఎకరం పొలానికి దక్కేవి దాదాపు 20 పిక్సెళ్లే. గట్ల మీద, పక్క పొలంలోకి పడేవి తీసేస్తే మిగిలేవి ఇంకా తక్కువ. పైగా నాట్ల కాలంలో మబ్బులు కమ్ముకుంటాయి. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ వంటి రాడార్ ఉపగ్రహాలు మబ్బుల గుండా చూడగలవు. అయినా నీరు పెట్టిన వరి మడి, చేపల చెరువు రాడార్‌కు మొదట్లో ఒకేలా కనిపించవచ్చు. వరి పైకి ఎదిగాకే తేడా తెలుస్తుంది.

ఎంత మంచి ఉపగ్రహమైనా చూడలేనివి రెండున్నాయి. ఒకటి, పొలం ఎందుకు ఖాళీగా ఉంది. రెండు, పండినప్పుడు పండించింది ఎవరు. భూమి యజమాని పేరున ఉండి కౌలు రైతు దున్నిన పొలం, చిత్రంలో ఉత్త పచ్చని గడి మాత్రమే.

కాబట్టి ఉపగ్రహ పటాన్ని తీర్పుగా కాక, విచారణకు మొదటి ఆధారంగా తీసుకోవాలి. ఈ-క్రాప్ వంటి నమోదులో బీడు అని రాసి ఊరుకోకుండా, నీరు లేకనా, కూలీలు లేకనా, ధర లేకనా అన్న కారణం కూడా సాగుదారునే అడిగి రాయాలి. పటాన్ని గ్రామసభలో పెట్టి అభ్యంతరాలు చెప్పే గడువు ఇచ్చాకే సాయం నిలిపే ఆలోచన చేయాలి. కారణం తెలిస్తే ఒక ఊరికి కాలువ పూడికతీత, మరో ఊరికి గిట్టుబాటు ధర అవసరమని తేలుతుంది. కారణం తెలియకపోతే ఆ పటం రైతు పేరు కొట్టేయడానికి తప్ప మరెందుకూ పనికిరాదు.