తప్పు చేసేది కంప్యూటరే, కానీ మాట ఆగింది మనుషుల దగ్గర



మన గ్రూపులో బీటెక్ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నారు. మన గూడేల నుంచి సైన్యంలో చేరిన అన్నలూ ఉన్నారు. ఇద్దరికీ పనికొచ్చే సంగతి ఒకటి మాట్లాడుకుందాం.

1991 ఫిబ్రవరి 25. గల్ఫ్ యుద్ధం. సౌదీలోని దహ్రాన్‌లో అమెరికా సైనికులుండే బ్యారక్స్ మీద ఇరాక్ వదిలిన స్కడ్ క్షిపణి పడింది. 28 మంది చనిపోయారు. వాళ్ళలో 13 మంది నీళ్ళు శుద్ధి చేసే యూనిట్ వాళ్ళు, అక్కడికి వచ్చి వారం కూడా కాలేదు. కాపలాకి పేట్రియాట్ వ్యవస్థ ఉంది. కానీ ఆ రాత్రి అది స్కడ్ మీదికి ఒక్క క్షిపణి కూడా వదల్లేదు.

ఎందుకంటే దాని కంప్యూటర్ సెకనులో పదో వంతు చొప్పున కాలాన్ని లెక్కపెడుతుంది. ఆ పదో వంతు 24 బిట్లలో పూర్తిగా పట్టదు, పిసరంత తేడా ఉంటుంది. ఆపకుండా 100 గంటలు నడిచేసరికి ఆ తేడా 0.34 సెకను అయింది. అంతలో స్కడ్ అర కిలోమీటరు దాటిపోతుంది. రాడార్ వేరే చోట వెతికింది.

ఇక్కడ ఏ పార్టూ కాలిపోలేదు. ఒకటి పాడైతే ఇంకొకటి ఆదుకోవాలని సైనిక కంప్యూటర్లను మూడు, నాలుగు పెడతారు. మన తేజస్ విమానంలోనూ నియంత్రణకు నాలుగు చానెళ్ళు ఉన్నాయి. మంచిదే. కానీ అన్నింట్లో ఒకే ప్రోగ్రామ్ ఉంటే అన్నీ కలిసి ఒకే తప్పు చేస్తాయి. 1996లో ఏరియాన్ 5 రాకెట్‌లో అసలుదీ, స్టాండ్‌బైదీ ఒకే లోపంతో ఆగిపోయాయి. అదే స్పేస్ షటిల్‌లోనైతే నాలుగు కంప్యూటర్లకు తోడుగా ఐదోదానికి వేరే బృందంతో వేరే ప్రోగ్రామ్ రాయించారు.

మాకు ఇంతకన్నా పెద్ద లోపం ఇంకోటి కనిపిస్తోంది. 8 గంటలు నడిస్తేనే గురి జరుగుతోందని ఇజ్రాయెల్ వాళ్ళు ఫిబ్రవరి 11నే లెక్కలతో సహా చెప్పారు. చాలాసేపు నడిపితే ఇబ్బంది రావొచ్చని యూనిట్లకు కబురు కూడా వెళ్ళింది. చాలాసేపు అంటే ఎన్ని గంటలు? అది ఎవరూ చెప్పలేదు! ఆపి మళ్ళీ ఆన్ చేయడానికి నిమిషం, నిమిషంన్నర చాలు. సరిచేసిన సాఫ్ట్‌వేర్ దహ్రాన్ చేరింది 26న. అంటే మరుసటి రోజు.

అన్ని గంటలు నడుపుతారని తయారుచేసినవాళ్ళు అనుకోలేదు కదా అని కొందరు అంటారు. నిజమే. అందుకే ఏమనుకుని తయారుచేశారో వాడేవాడికి అంకెల్లో చెప్పాలి. పరికరం పట్టుకున్నవాడి ఫిర్యాదు తయారుచేసినవాడికి వెంటనే చేరాలి. తప్పును తట్టుకునే కంప్యూటర్ అంటే ఈ దారి కూడా అందులో భాగమేనని మేం నమ్ముతున్నాం.

కింద నుంచి చెప్పిన మాట పైకి చేరడానికి ఎంత కాలం పడుతుందో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. అందుకే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ పని చేసే గదుల్లోకి మనవాళ్ళూ వెళ్ళాలి. వెళ్ళాక ఆ చివర నిలబడిన మనిషిని మాత్రం మర్చిపోకండి.