ఈగని చూడకుండా ఈగకి పేరు

మా గచ్చిబౌలి ఫ్లాటు బాల్కనీలో చిక్కుడు పాదుకి ఏటా పేనుబంక పడుతుంది. దాని వెనకాలే ఒక ఈగ వస్తుంది. పసుపూ నలుపూ చారలతో అచ్చం కందిరీగ వేషం. గాల్లో ఒకేచోట హెలికాప్టర్లా నిలబడుతుంది. భయపడక్కర్లేదు, కుట్టదు. రెక్కలు లెక్కపెడితే రెండే ఉంటాయి, కందిరీగకైతే నాలుగు. సిర్ఫిడ్ ఈగ అంటారు, ఇంగ్లీషులో హోవర్‌ఫ్లై. దీని పిల్లపురుగులు పేనుబంకని తినేస్తాయి, కాబట్టి మా ఇంట్లో దానికి వీఐపీ మర్యాద. మన దగ్గర మామూలుగా కనపడే వాటిలో ఒకటి ఇస్కియోడాన్ స్కుటెల్లారిస్. 1805లో ఫాబ్రిషియస్ అనే డేనిష్ ఆయన వర్ణించిన జాతి.

రెండేళ్ళుగా వీటిని ఫొటోలు తీసి ఐనాచురలిస్ట్‌లో పెట్టడం నా వీకెండు వ్యాపకం. దాంతోపాటు కాస్త పొగరు కూడా వచ్చింది. ఈ టపా దాని గురించే.

నా పాత టీమ్మేటు ఒకడు ఇప్పుడు మారిషస్‌లో, ఎబెన్ సైబర్‌సిటీలో పనిచేస్తున్నాడు. (అక్కడ ఉగాదికి దేశం మొత్తానికి సెలవు. మా ఆఫీసులో ఆప్షనల్ హాలిడే. సరే, ఆ ఏడుపు ఇంకోసారి :) ) వాడు కుండీలో కొత్తిమీర పూల మీద వాలిన ఈగని ఫొటో తీసి పంపాడు. "రేయ్, నీ ఈగ ఇక్కడ కూడా ఉందిరా!" అని. చూశాను. చారలు అవే, పోజు అదే. రెండు సెకన్లలో చెప్పేశా, స్కుటెల్లారిస్ అని. వాడు ఆ పేరుతోనే అప్‌లోడ్ చేశాడు, నేను వెళ్ళి "అగ్రీ" నొక్కాను. కనీసం ఇద్దరు చెప్పి, మూడింట రెండొంతులకి మించి ఒకే మాట మీద ఉంటే అక్కడ రికార్డు "రీసెర్చ్ గ్రేడ్" అవుతుంది. లైసెన్సు కుదిరితే అక్కణ్ణుంచి జీబీఐఎఫ్ అనే ప్రపంచ డేటాబేసుకి వెళ్తుంది, పరిశోధకులు దాన్నే డౌన్‌లోడ్ చేసుకుంటారు. అంటే బాల్కనీ నిపుణుడొకడు, వాణ్ణి నమ్మిన ఫ్రెండొకడు, మొత్తం రివ్యూ ఇంతే.

వారం తర్వాత ఎవరో పెద్దమనిషి దాన్ని ఇస్కియోడాన్ అనే ప్రజాతి దగ్గరే ఆపేసి, "ఫొటోలో ఏం చూసి స్కుటెల్లారిస్ అన్నారు?" అని అడిగాడు. వెతికాను. ఆఫ్రికా వైపు దీని చుట్టం ఒకటుందిట, ఇస్కియోడాన్ ఈజిప్టియస్, వీడెమన్ 1830లో పేరు పెట్టినది. ఓహో అనుకుని, గబగబా ఈజిప్టియస్ అని మార్చేశా. ఆయన మళ్ళీ అదే ప్రశ్న: "ఏం చూసి?"

నా దగ్గర జవాబు లేదు. మొదటిసారి నా బాల్కనీని చూసి చెప్పాను, రెండోసారి మ్యాపుని చూసి చెప్పాను. ఈగని మాత్రం ఒక్కసారీ చూడలేదు.

మనందరికీ తెలిసిన జబ్బే ఇది. కొత్త బగ్గు రాగానే స్టాక్ ట్రేసు పూర్తిగా చదవకుండా "డూప్లికేట్" అని మూసేస్తాం చూడండి, అదన్నమాట. పైగా ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఆ మ్యాపు ఎలా తయారైంది? ఇలా పెట్టిన పేర్లతోనే కదా. పేర్లని బట్టి మ్యాపు, మ్యాపుని బట్టి పేర్లు!

హైదరాబాదులో అయితే ఈ తప్పు వల్ల పెద్దగా కొంప మునగదు. దీవి సంగతి వేరు. మారిషస్ అగ్నిపర్వతం నుంచి లేచిన నేల. అక్కడున్న ప్రతి ఈగ పూర్వీకులూ ఎప్పుడో గాలికి కొట్టుకొచ్చో, ఓడల్లో మనుషులతోనో వచ్చినవే. అందుకే అక్కడ అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న "ఇది ఎటు నుంచి వచ్చింది?" అని. రేపు ఆసియా ఈగ నిజంగానే కూరగాయల పెట్టెతో దిగిందనుకోండి. మ్యాపు చూసి పేరు పెట్టేవాళ్ళు దాన్ని ఆఫ్రికా ఈగ అనే రాసేస్తారు. అది వచ్చిన సంగతి ఎవరికీ తెలియదు. పసిఫిక్ వైపు వెళ్తే ఇంకో పోలిక, సిమోసిర్ఫస్ గ్రాండికోర్నిస్, హవాయిలో ఉంటుంది. కొన్ని పుస్తకాల్లో మన స్కుటెల్లారిస్‌ని కూడా సిమోసిర్ఫస్‌లోనే కలిపేశారు. నిపుణులకే ఇంత తికమక ఉన్నచోట నా రెండు సెకన్ల తీర్పేమిటి?

ఇస్కియోడాన్ అనే పేరుకే గ్రీకులో తుంటిపన్ను అని అర్థం వస్తుంది. మగ ఈగ వెనక కాలి మొదట్లో ముల్లు లాంటిది పొడుచుకుని ఉంటుంది. పైనుంచి తీసిన ఫోన్ ఫొటోలో అది కనిపించే ప్రసక్తే లేదు. అది కనిపించినా ప్రజాతి వరకే, జాతి తేల్చాలంటే ఇంకా లోతుకెళ్ళాలి. దగ్గరి చుట్టాలని విడదీయడానికి చాలాసార్లు మగదాని పొట్ట చివరి భాగాల్ని మైక్రోస్కోపు కింద చూడాల్సిందే. రంగుని నమ్ముదామా అంటే, ఎపిసిర్ఫస్ బాల్టియాటస్ అనే ఇంకో సిర్ఫిడ్ ఈగ ప్యూపా దశలో చలికి గురైతే ముదురు రంగులో బయటికొస్తుంది.

మావాడి వాదన ఏమిటంటే, "ఇన్ని కండిషన్లు పెడితే నాలాంటివాడు ఫొటోలే పెట్టడు" అని. నేనొప్పుకోను. ఫొటో పెట్టు, ప్రజాతి దగ్గర ఆగు, అంతే. నల్ వేల్యూ ఉన్న కాలమ్‌తో బతకొచ్చు కానీ తప్పుడు వేల్యూతో బతకలేం. ఔత్సాహికుల్ని నేను చిన్నచూపు చూడను. 1923లో ఫౌనా ఆఫ్ బ్రిటిష్ ఇండియాలో సిర్ఫిడ్ ఈగల సంపుటం రాసిన బ్రునెట్టి వృత్తిరీత్యా సంగీతకారుడు! కానీ ఆయన నమూనా ముందు పెట్టుకుని కూర్చుని చూశాడు. నేను "అగ్రీ" నొక్కాను.

నా రెండు పేర్లూ వెనక్కి తీసుకున్నాను. మొన్న ఆదివారం మావాడు పట్టుదలగా పక్కనుంచీ కిందనుంచీ ఫొటోలు తీసి పంపాడు. కాలు స్పష్టంగా ఉంది, ముల్లు లేదు. రెండు కళ్ళ మధ్య ఖాళీ ఉంది. మగదానికైతే నడినెత్తిన కళ్ళు కలిసిపోవాలి.

"ఆడదిరా ఇది," అన్నాను.

"మరి మగది ఎప్పుడొస్తుంది?"

"ఇంకో రెండు కుండీల్లో ధనియాలు చల్లు."