మహమూద్ గవాన్‌ను చంపింది దొంగ ఉత్తరం ఒక్కటే కాదు

బహమనీ రాజ్యం తన అత్యంత సమర్థుడైన వజీరును 1481 ఏప్రిల్ 5న మన కొండపల్లిలో చంపుకుంది. ఖ్వాజా మహమూద్ గవాన్ అప్పటికి డెబ్బై ఏళ్ళ వృద్ధుడు. నలుగురు సుల్తానులకు కొలువు చేసినవాడు. ఆయన మీద వచ్చిన అభియోగానికి విచారణ లేదు, సాక్షుల్ని పిలవలేదు. దీన్ని దర్బారు కుట్రగా చెప్పి ముగించడం మనకు అలవాటైపోయింది. కుట్ర నిజమే. అయితే ఆ కుట్ర పుట్టింది ఆయన తెచ్చిన సంస్కరణల వల్ల, పండింది రాచరికం వల్ల. ఈ రెండూ కలిపి చూసినప్పుడే గవాన్ ఎవరో మనకు అర్థమవుతుంది.

ఇరాన్‌లోని గీలాన్‌లో పాలకులకు మంత్రులుగా పనిచేసిన వంశం ఆయనది. అక్కడి రాజకీయాలు అచ్చిరాక వర్తకుడై దేశాలు తిరిగాడు. 1453లో దాభోల్ రేవులో దిగి బహమనీ రాజధాని బీదర్ చేరితే, సుల్తాన్ రెండో అహ్మద్ ఆయన్ని కొలువులో పెట్టుకున్నాడు. సేనానిగా ఆయనకు దక్కిన తొలి బాధ్యతల్లో ఒకటి తెలుగు నేల మీదే. నల్లగొండలో తిరగబడిన జలాల్ ఖాన్‌ను లొంగదీసుకొచ్చాడు.

1461లో సుల్తాన్ హుమాయూన్ షా చనిపోయేనాటికి వారసుడు పసివాడు. రాజమాత నర్గీస్ బేగం, ఖ్వాజా జహాన్, గవాన్ కలిసి రాజ్యభారం మోశారు. అదను చూసి ఒడిశా గజపతి సేనలు బీదర్ దరిదాపులకు వచ్చాయి. మరుసటి ఏడాది మాల్వా సుల్తాను ఏకంగా రాజధానిలోకే చొరబడ్డాడు. గుజరాత్ సుల్తానుకు కబురంపి, అక్కడి సైన్యాన్ని తోడు తెచ్చుకుని గవాన్ రాజ్యాన్ని నిలబెట్టాడు. కత్తితో పాటు కలమూ ఆయనకు ఆయుధమే. దేశదేశాల పాలకులకు, పండితులకు రాసిన లేఖలు ‘రియాజుల్ ఇన్షా’గా మిగిలాయి. 1472లో విజయనగరం చేతిలోంచి గోవాను తీసుకున్నాడు. అరబ్బు గుర్రాలు దిగే రేవు అది. గుర్రాలు ఎవరికి దక్కితే దక్కన్‌లో బలం వాళ్ళదే.

ఈ విజయాలన్నీ ఒక ఎత్తు, పాలనలో ఆయన చేసింది ఒక ఎత్తు. ఆ రోజుల్లో బీదర్ చూసిన రష్యన్ వర్తకుడు అఫనాసీ నికితిన్, అక్కడి అమీర్లు భోగాల్లో తేలుతుంటే పల్లె జనం దరిద్రంలో ఉన్నారని రాశాడు. గవాన్ చెయ్యి వేసింది సరిగ్గా ఆ అమీర్ల బలం మీదే. రాజ్యంలోని నాలుగు పెద్ద తరఫ్‌లను, అంటే రాష్ట్రాలను, ఎనిమిది చేశాడు. తెలంగాణ తరఫ్ రాజమండ్రి, వరంగల్ అని రెండుగా విడిపోయింది. అంతకుముందు తన రాష్ట్రంలోని కోటలన్నిటికీ తరఫ్‌దారే యజమాని. ఇక మీదట అతని కింద ఒక్క కోటే. మిగతా వాటికి కిల్లేదార్లను కేంద్రమే పంపుతుంది. ప్రతి తరఫ్‌లోనూ కొంత భూమిని ఖల్సా చేసి, దాని రాబడిని నేరుగా ఖజానాకు మళ్ళించాడు. పొలాలు కొలిపించాడు. జీతం తీసుకుంటూ లెక్క ప్రకారం సైనికుల్ని పోషించని సర్దారు నుంచి ఆ మేరకు డబ్బు వెనక్కి రాబట్టాడు. లేని సైనికుల పేరు మీద జీతాలు మింగే అలవాటున్నవాళ్ళకు ఇది ఎంత కడుపుమంట పుట్టించి ఉంటుందో ఊహించవచ్చు.

తెలంగాణ తరఫ్‌దారు మలిక్ హసన్‌కు ఆ దెబ్బ నేరుగా తగిలింది. అతని అధికారం రాజమండ్రికి కుదించుకుపోయింది. అతనూ మరికొందరూ కలిసి గవాన్ ముద్ర కాపాడే బానిసను మచ్చిక చేసుకుని, తాగించి, ఖాళీ కాగితం మీద ముద్ర వేయించారు. ఆ కాగితం మీద, ఒడిశా రాజును దండెత్తి రమ్మని గవానే పిలిచినట్టు ఉత్తరం పుట్టింది. పిలుపు వచ్చినప్పుడు వెళ్ళవద్దని, గుజరాత్‌కు తప్పించుకు పొమ్మని హితులు చెప్పినా ఆయన వినలేదని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. ముద్ర నాదే, రాత నాది కాదు అన్నాడట. రాతను ఇంకో రాతతో పోల్చి చూస్తే తేలిపోయే విషయం. సుల్తాన్ మూడో మహమ్మద్ షా ఆ పాటి ఓపిక పట్టలేదు. తలారికి సైగ చేశాడు.

ఇక్కడే గవాన్ పాలనలోని లోపాన్నీ ఒప్పుకోవాలి. స్థానికులైన దక్కనీలకు, బయటి నుంచి వచ్చిన అఫాకీలకు మధ్య కక్షలు రగులుతున్న రోజులవి. పదవులు ఇద్దరికీ పంచినా ఆయన స్వయంగా అఫాకీ, పైగా అధికారం ఆయన చేతిలోనే పోగుపడింది. సంస్కరణలన్నీ ఒక్క మనిషి మీద, ఆ మనిషిపై ఒక్క రాజుకున్న నమ్మకం మీద ఆధారపడ్డాయి. ఆయన పోయాక వాటిని కాపాడే సంస్థ ఏదీ లేకపోయింది. సుల్తాను మాటే చట్టమైన చోట అలాంటి సంస్థకు చోటు కూడా లేదు.

ఆస్తి జప్తుకు వెళ్ళినవాళ్ళు నిధులు దొరుకుతాయనుకున్నారు. సొంత ఖర్చు వ్యాపారం మీద వెళ్ళదీసుకుని, జాగీరు రాబడిని సైన్యానికీ పేదలకూ పెట్టిన మనిషి ఇంట్లో నిధులెక్కడివి? తప్పు తెలుసుకున్న సుల్తాను ఏడాది తిరక్కుండా 1482లో చనిపోయాడు. పెత్తనం దక్కించుకున్న మలిక్ హసన్ కూడా కొన్నేళ్ళకే హత్యకు గురయ్యాడు. ఆ తరవాత గవాన్ అదుపులో ఉంచాలని చూసిన తరఫ్‌దారీ బలమే సింహాసనాలెక్కింది. హసన్ కొడుకు అహ్మద్ అహ్మద్‌నగర్‌లో, గవాన్ చేరదీసిన యూసుఫ్ ఆదిల్ ఖాన్ బీజాపూర్‌లో రాజ్యాలు పెట్టారు. బీరార్ విడిపోయింది. తెలంగాణ పాలకుడిగా వచ్చిన సుల్తాన్ కులీ వంశం గోల్కొండను ఏలింది. హైదరాబాద్ నగర చరిత్రకు మూలాలు ఈ చీలికలోనే ఉన్నాయి.

బీదర్‌లో 1472 నాటికి ఆయన కట్టించిన మదరసా, 1696లో మందుగుండు పేలి సగం కూలినా, రంగుపలకల మినారుతో ఇంకా నిలిచే ఉంది. దాన్ని చూడ్డానికి మనవాళ్ళు వెళుతూనే ఉంటారు. కానీ కొండపల్లి కోటకు వెళ్ళేవాళ్ళలో గవాన్ పేరు తెలిసినవాళ్ళు ఎందరు? నల్లగొండలో సేనానిగా పేరు తెచ్చుకుని, కొండపల్లిలో ప్రాణం పోగొట్టుకున్న ఈ పాలకుడికి రెండు తెలుగు రాష్ట్రాల బడి పుస్తకాల్లో పూర్తి పాఠం ఉండాలి. ఆ పాఠంలో గోవా దండయాత్ర కన్నా కోటల మీద అధికారం ఎవరిదో, ఖల్సా భూములెందుకో, సైనికుల లెక్క ఎలా సరిచూశారో వివరించే పేజీలు ఎక్కువుండాలి.