యంత్రాల ముచ్చట్లు: నట్టు తిరగలేదు, బోల్టు వదులైంది!

ఒక ఊళ్ళో ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. ఆయనకొక పాత కారు ఉండేది. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి ఇంజను ముందు చక్రాలను తిప్పుతుంది. మాస్టారి కారు అలాటిది కాదు. దాని ఇంజను ముందున్నా, తిప్పేది వెనక చక్రాలను. ఇంజను బలాన్ని వెనక్కు అందించటానికి కారు కింద పొడుగాటి ఇనప గొట్టం ఒకటి గిరగిరా తిరుగుతూ ఉంటుంది. దాన్ని ప్రొపెల్లర్ షాఫ్టు అంటారు. లారీల కింద మీరు దీన్ని చూసే ఉంటారు. షాఫ్టు చివర ఒక ఇనప పళ్ళెం, వెనక ఇరుసు వైపు మరొక పళ్ళెం ఉంటాయి. ఈ రెండు పళ్ళాలనూ ఒకదానికొకటి ఆనించి నాలుగు బోల్టులతో బిగిస్తారు.

మాస్టారి కారులో ఈ నాలుగు బోల్టులే మాటిమాటికీ వదులు కాసాగాయి. మొదటిసారి కారు కింద టకటకమని చప్పుడు వస్తే షెడ్డు మేస్త్రీ బిగించి పంపాడు. పది రోజులకు మళ్ళీ అదే చప్పుడు. ఈసారి షెడ్డులో పనిచేసే కుర్రవాడు పానాకు గొట్టం తొడిగి బలం కొద్దీ బిగించాడు. మరో పది రోజులకు కారు మళ్ళీ షెడ్డుకు వచ్చింది.

"ఈసారి ఇంకా గట్టిగా బిగించు, మేస్త్రీ! ఆదివారం పిల్లలను తీసుకుని పెళ్ళికి వెళ్ళాలి," అన్నారు మాస్టారు.

మేస్త్రీ ఒప్పుకోలేదు. "పిల్లలను ఎక్కించుకునే బండి అయితే అసలే పంపనండీ. దారిలో ఈ బోల్టులు ఊడితే షాఫ్టు జారి రోడ్డుకు తగులుతుంది. జ్వరం వచ్చిందంటే ఎందుకు వచ్చిందో చూడాలి గదా! నాకు రెండు రోజులు గడువివ్వండి," అన్నాడు.

అతను ముందుగా షాఫ్టు వంగిందేమో చూశాడు. దాని చివరనుండే క్రాసు అరిగి ఆడుతున్నదేమో కదిపి చూశాడు. గేరుబాక్సు కింది రబ్బరు చిరిగిందేమో చూశాడు. అన్నీ సరిగానే ఉన్నాయి. తరవాత బోల్టులను బిగించి, ఒక్కొక్క బోల్టు కొన మీద నుంచి నట్టు మీదుగా పళ్ళెం దాకా తెల్లరంగుతో ఒక్కొక్క గీత గీశాడు. రెండు రోజులు తనే కారును షెడ్డు చుట్టుపక్కల నెమ్మదిగా నడిపి, మళ్ళీ కిందికి దూరి చూశాడు.

నట్టు తిరిగి ఉంటే గీత రెండు ముక్కలు కావాలి. కాని నాలుగు గీతలూ తిన్నగానే ఉన్నాయి. అయినా పానా పెట్టేసరికి నట్లు తేలిగ్గా తిరిగాయి! నట్టు తిరగకుండానే బోల్టు వదులైంది. ఇదెలా జరిగింది?

ఇది తెలియాలంటే బోల్టు చేసే పని ఏమిటో తెలియాలి. బోల్టు ఉత్త మేకు కాదు. అది ఒక రకం స్ప్రింగు. నట్టు బిగించినప్పుడు బోల్టు రవంత సాగుతుంది. సాగదీసిన రబ్బరు బాండులాగే అదికూడా మళ్ళీ కురచ కావాలని చూస్తుంది. ఆ బిగువే రెండు పళ్ళాలనూ అదిమి పట్టుకుంటుంది. మరి బోల్టు ఎంత సాగుతుంది? రెండు సెంటీమీటర్ల మందాన్ని పట్టి ఉంచే ఉక్కు బోల్టును బాగా బిగించినా అది సాగేది సుమారు 0.04 మిల్లీమీటరు మాత్రమే. మన తలవెంట్రుక సాధారణంగా ఇంతకన్న లావుగానే ఉంటుంది!

మేస్త్రీ పళ్ళాలను విడదీశాడు. తుప్పు పట్టకుండా ఎవరో రెండింటి మొహాల మీదా నల్లరంగు దట్టంగా పూశారు. రంగు ఉక్కులాగా గట్టిది కాదు; ఒత్తిడికి నలుగుతుంది. వెంట్రుకలో సగం మందం రంగు నలిగితే చాలు, బోల్టు బిగువు చాలావరకు పోతుంది. గీత కదలకపోవటానికి కారణం అదే. పళ్ళాల అంచుల్లో ఎర్రని పొడికూడా కనిపించింది. రంగు పోయినచోట ఇనప మొహాలు ఒకదాన్నొకటి రాసుకుంటే అలాటి పొడి రాలుతుంది.

ఈ రాపిడి ఇంకా పెరిగితే నట్టుకూడా తిరగటం మొదలుపెడుతుంది. నేలలో గట్టిగా పాతిన గుంజను తిన్నగా పైకి లాగితే రాదు. అటూ ఇటూ ఊపితే వదులై వస్తుంది. బోల్టు సంగతీ అంతే. గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు ఈ విషయాన్ని యంత్రం మీద పరీక్షించి 1969లో ప్రకటించాడు. బోల్టుతో బిగించిన పలకలను అడ్డంగా అటూ ఇటూ జరిపితే, ఎవరూ ముట్టుకోకుండానే నట్టు దానంతటది విప్పుకుంటుంది! ఇలాటి పరీక్షలో మామూలు స్ప్రింగు వాషరు పెద్దగా ఆదుకోదు. పలకలు జారకుండా అదిమి ఉంచే బిగువే అసలైన కాపు.

"మరి మీ కుర్రవాడు అంత బలంగా బిగించాడు గదా?" అని మాస్టారు అడిగారు.

"చేతికి గట్టిగా తగిలినంత మాత్రాన బోల్టుకు బిగువు వచ్చినట్టు కాదండీ," అన్నాడు మేస్త్రీ. అది నిజమే. మనం నట్టు మీద పెట్టే బలంలో పదింట తొమ్మిది వంతులు రాపిడికే ఖర్చవుతుంది. బోల్టును సాగదీసేది ఒక్క వంతు మాత్రమే. తుప్పు ఉంటే ఆ ఒక్క వంతూ సరిగా దక్కదు. మేస్త్రీ పాత బోల్టు పక్కన కొత్తది పెట్టి చూపించాడు. పాతది కొంచెం పొడుగుంది. గొట్టం తొడిగి బిగించినప్పుడు అది మళ్ళీ కురచ కాలేనంతగా సాగిపోయింది. అలాటి బోల్టును మళ్ళీ వాడరాదు.

మేస్త్రీ రంగునంతా గీకి పళ్ళాల మొహాలు శుభ్రం చేశాడు. అదే రకం కొత్త బోల్టులు తెప్పించి, కారు పుస్తకంలో చెప్పిన కొలత ప్రకారం టార్క్ రెంచితో బిగించి, మళ్ళీ గీతలు గీశాడు. మాస్టారి కుటుంబం ఆ ఆదివారం బస్సులో పెళ్ళికి వెళ్ళివచ్చింది. నెల గడిచాక చూస్తే గీతలూ కదలలేదు, బిగువూ తగ్గలేదు.

పిల్లలూ, మీరొక పని చేసి చూడండి. కాగితాన్ని మూల నుంచి మూలకు ఏటవాలుగా కత్తిరించి, వచ్చిన ముక్కోణపు ముక్కను పెన్సిలుకు చుట్టండి. ఏటవాలు అంచు బోల్టు మరలాగా పైకి ఎక్కుతుంది. మర అంటే చుట్టిన ఏటవాలు దారే! ఆ దారిన నట్టు కిందికి జారకుండా ఆపేది రాపిడి.

పెద్దలకు ఒక మాట. కారు చక్రం మార్చిన తరవాత యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లను మరొకసారి సరిచూపించండి. పిల్లలు మాత్రం జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎన్నడూ దూరకూడదు.