దుస్తుల కథలు: విమానచోదకుని తోలుకోటు



ఏ వస్త్రమును గూర్చి ముచ్చటించుకొన్నను, దానిని కుట్టినదెవరు, తొడిగినదెవరు, దాచినదెవరు అను మూడు ప్రశ్నలు వేసికొనుట ఈ శీర్షికకు వాడుక. ఈ మాసము రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా యుద్ధవిమానచోదకులు తొడిగిన తోలుకోటును గైకొందము. ఆంగ్లమున దీనిని జాకెట్టు అందురు. మన యిండ్లలో జాకెట్టు అనినచో రవికయే స్ఫురించును గావున నేను కోటు అనియే వ్రాయుచున్నాను.

నడుమువరకే వచ్చి, అడుగునను ముంజేతులకడను ఉన్ని అల్లికతో బిగిసియుండు పొట్టి తోలుకోట్లు నేడు మన పట్టణములలోని దుకాణములలో వ్రేలాడుచుండుట మీరు చూచియే యుందురు. కాలేజీకి బోవు పిల్లలు వానిని వేడుకకు దొడుగుకొందురు. వీనిలో పెక్కింటికి మాతృక అమెరికా సైన్యమువారి "ఏ-2" అను కోటు. అంతకుముందు 1927లో "ఏ-1" అనునది వాడుకలోనికి వచ్చెను. దానికి ముందువైపున బొత్తాములుండెడివి. 1931 మే నెలలో ఆమోదింపబడిన ఏ-2కు బొత్తాములు పోయి జిప్పరు వచ్చినది. చేతికి దళసరి తొడుగులున్నప్పుడు బొత్తాము పెట్టుకొనుట యెంత కష్టమో కుట్టుపని తెలిసిన మీకు వేరుగ జెప్పనక్కఱలేదు. కాలరు గాలికి కొట్టుకొనకుండ రెండు కొనలను నొక్కుబొత్తాములతో బంధించిరి. భుజములపై పట్టీలు, ముందువైపున మూతగల రెండు జేబులు, లోపల పలుచని అస్తరు: కోటంతయు నింతే.

ఈ కోటునకు గుఱ్ఱపుతోలును, మేకతోలును విశేషముగ వాడిరి. మన దేశమున తంగేడుపట్టతో తోళ్ళను పదును చేయుట మీరెఱిగినదే. పదునైన తోలు మెత్తగ నుండియు గాలిని లోనికి చొరనీయదు. విమానములో కావలసిన గుణమదియే. పైకి పోయినకొలది చలి హెచ్చును. ప్రతి వేయి అడుగులకును సుమారు 2 డిగ్రీల సెంటీగ్రేడు చొప్పున వేడిమి తగ్గుచుండును. నేలమీద 15 డిగ్రీలున్న దినమున 25,000 అడుగుల యెత్తున సున్నకు దిగువ 34 డిగ్రీల చలి యుండును. అంత చలి నీ పలుచని కోటొక్కటియే యెట్లాపునని మీరడుగవచ్చును. ఒక్కటియే ఆపదు. ఒంటి యంత్రముగల యుద్ధవిమానములు పెక్కింటిలో యంత్రము చోదకుని యెదుటనే యుండుటచే ఆ వేడిమి కొంత యాతనికి దక్కెడిది. లోపల ఉన్ని చొక్కాలును తొడుగుకొనెడివారు. పీ-38 అను విమానమునకు యంత్రములు రెండు ప్రక్కల నుండుటచే చోదకుడు చలికి కొంకర్లు పోయెడివాడు. పెద్ద బాంబరు విమానములలో తెఱచిన కిటికీలకడ నిలిచి తుపాకి పేల్చువారికి ఏ-2 చాలదు. వారికి బొచ్చుతోడి గొఱ్ఱెతోలు కోట్లు వేరుగ నిచ్చిరి.

ఇక కుట్టినవారు. న్యూయార్కు రాష్ట్రమున హడ్సన్ నదియొడ్డున బీకన్, న్యూబర్గ్ అను ఊళ్ళు కలవు. బీకన్‌లోని ఏరో లెదర్ కంపెనీ, న్యూబర్గ్‌లోని పెర్రీ స్పోర్ట్స్‌వేర్ కంపెనీ మున్నగునవి సైన్యముతో ఒప్పందము చేసికొని వేలకొలది కోట్లు కుట్టించి యిచ్చినవి. మెడవెనుక కుట్టిన చీటీమీద కోటు రకము, ఒప్పందపు సంఖ్య, కంపెనీ పేరు ఉండును. కుట్టిన చేతుల పేళ్లు మాత్రము ఏ చీటీమీదను లేవు. యుద్ధకాలమున అచ్చటి కుట్టుశాలలలో యంత్రములకడ గూర్చున్నవారిలో పెక్కండ్రు స్త్రీలే. తోలుమీద తప్పుకుట్టు పడెనేని విప్పి మరల కుట్టుట కుదురదు. సూది దిగిన రంధ్రము గుడ్డలో వలె పూడదు. ఎవరి బిడ్డ తొడుగునో తెలియని కోటును తప్పులేకుండ కుట్టి పంపిన ఆ తల్లులను మనము తలపకుండుట న్యాయము కాదు.

తొడిగినవారు దీనిని తమ యొడలిలో నొక భాగముగ జూచుకొనిరి. ఎడమ ఱొమ్మున పేరుగల తోలుపట్టీ, దాని క్రింద దళము గుర్తు కుట్టించుకొనిరి. కొందఱు వీపున బొమ్మలు వ్రాయించుకొనిరి. ఈ యలంకారమొకప్పుడు ప్రమాదమును తెచ్చెను. 1943లో జర్మనీవారికి బందీగ జిక్కిన యొక బాంబరు ఉద్యోగి కోటువీపున "హంతకుల సంఘము" అను నర్థమిచ్చు పేరుండెను. అది వారి విమానమునకు పరిహాసముగ బెట్టుకొన్న పేరు. శత్రువులు దానిని ఫోటో తీసి, అమెరికావారు తాము హంతకులమని తామే యొప్పుకొనుచున్నారని పత్రికలలో ప్రకటించిరి. పరిహాసపు మాట పరుల చేత బడిన నెట్లు మాఱునో దీనివలన దెలియును.

చైనాలో పోరిన అమెరికా స్వచ్ఛందదళమువారి కోట్లకు వేఱొక విశేషము కలదు. వీపున చైనా జెండాయు, చైనాలిపిలో నొక విన్నపమును గల గుడ్డను కుట్టుకొనెడివారు. ఇతడు మన యుద్ధమునకు సాయముగ వచ్చిన పరదేశి, ఇతనిని కాపాడుడని దాని భావము. భాష రాని దేశమున ఆకాశమునుండి పడినవాడు ఎవరి గుమ్మము త్రొక్కునో! ఆ యింటి యిల్లాలి దయయే వానికి దిక్కు.

ఈ దళమువారికిని మన తెలుగువారికిని ఒక సంబంధము కలదు. ఆ కాలమున రంగూను రేవులోను, బియ్యపు మిల్లులలోను మనవారు వేలకొలది పనిచేయుచుండిరి. 1941 డిసెంబరు 23, 25 తేదీలలో జపానువారు ఆ నగరముపై బాంబులు వేసినప్పుడు వారి నెదుర్కొన్న విమానములలో ఈ దళమువారివి కొన్ని యుండెను. ఐనను నగరము నిలువలేదు. 1942 మార్చిలో రంగూను జపానువారి వశమయ్యెను. లక్షలకొలది భారతీయులు, బిడ్డలను చంకనెత్తుకొని, అడవులు కొండలు దాటి కాలినడకను స్వదేశమునకు బయలుదేఱిరి. త్రోవలోనే కడతేఱినవారెందఱో! తీరాంధ్రమున "రంగూను మామ్మ" కథలు విన్న కుటుంబములు నేటికిని కలవు.

తొడిగినవారిలో స్త్రీలును గలరని చెప్పినచో మీలో కొందఱకు వింతగ నుండును. 1943లో అమెరికాయందు "వాస్ప్" అను స్త్రీ విమానచోదకుల సంస్థ యేర్పడెను. 25,000 మందికి పైగ దరఖాస్తు చేయగ 1,830 మందిని శిక్షణకు దీసికొనిరి. వారిలో 1,074 మంది టెక్సాసులో శిక్షణ ముగించి రెక్కలగుర్తు పొందిరి. కర్మాగారములలో తయారైన విమానములను రేవులకును సైనికస్థావరములకును నడిపి చేర్చుట వారి ముఖ్యవిధి. ఈ స్త్రీలును అదే తోలుకోటు తొడిగిరి. దానిమీద రెక్కలుగల చిన్నదాని బొమ్మ, వాల్ట్ డిస్నీవారి యనుమతితో, కుట్టుకొనిరి.

కోటు ఒక్కటియే యైనను గౌరవమొక్కటి కాలేదు. సైనికులుగ గాక పౌరోద్యోగులుగ వారిని లెక్కించిరి. విధినిర్వహణమున 38 మంది ప్రాణములు కోల్పోయిరి. మరణించినదాని శవపేటికపై జాతీయపతాకము కప్పుటకు హక్కు లేదు. దేహమును పుట్టినింటికి పంపుటకు తోడి చోదకురాండ్రు చందాలు వేసికొనవలసి వచ్చెను. చైనా సంతతికి జెందిన హేజల్ యింగ్ లీ యను నామె 1944 నవంబరులో మాంటానా రాష్ట్రమున యుద్ధవిమానమును దింపుచుండగ, మఱియొక విమానము తాకి, కాలినగాయములతో మరణించెను. కొన్ని దినములకే ఆమె తమ్ముడు ఫ్రాన్సు యుద్ధమున మడిసెనను తంతి వచ్చెను. ఇరువురిని ఒకచోట ఖననము చేయ గోరగ, తెల్లవారికి ప్రత్యేకించిన చోట ఆసియావారికి తావులేదని శ్మశానమువారు పలికిరి. కుటుంబమువారు పట్టువిడువక వాదించి గెలిచిరి.

1944 డిసెంబరు 20వ తేదీన ఆ సంస్థను రద్దుచేసిరి. ఆ స్త్రీలను యుద్ధసేవకులుగ గుర్తించు శాసనము 1977లో గాని రాలేదు. 2010లో వారికి అమెరికా శాసనసభవారు బంగారుపతకమొసగిరి. ఆనాటికి బ్రతికియున్నవారు ముసలమ్మలు. ముప్పది మూడేండ్లు తమ సేవకు పేరే లేకున్నను ఆ కోట్లను పెట్టెలలో పదిలపఱచుకొన్నవారు వారిలో గలరు. ఆ చిన్నదాని బొమ్మగల కోట్లు నేడు వస్తుప్రదర్శనశాలలలో నున్నవి. ప్రభుత్వము మఱచినదానిని పెట్టె మఱవలేదు.

ఇదియే మన మూడవ ప్రశ్నకు ప్రత్యుత్తరము. 1943లోనే సైన్యమువారు తోలుకోట్లకు క్రొత్త ఒప్పందములు మానిపించి గుడ్డకోట్లకు మరలిరి. 1980ల చివర మేకతోలుతో ఏ-2ను మరల దెచ్చిరి. నడుమనున్న దీర్ఘకాలమున పాతకోట్లను నిలిపినది ఇండ్లే.

మీ యింట తోలుకోటున్నచో ఈ మాటలు పాటింపుడు. ఎండలో నారవేయరాదు, పొయ్యిదగ్గఱ నుంచరాదు, తోలు పగులును. తడిసినచో పొడిగుడ్డతో నద్ది, నీడలో గాలికి వదలవలెను. ప్లాస్టికు సంచిలో మూటగట్టిన మన వానకాలపు తేమకు బూజు పట్టును. బూజు పట్టినచో ఇంటివెలుపలకు దెచ్చి పొడిగుడ్డతో తుడువుడు. మడిచిన మడత నిలిచిపోవును గావున వెడల్పైన కొయ్య హ్యాంగరుకు తగిలించి, పైన పాత నూలుచీర ముక్క కప్పుడు. ఇంకొక్క మాట. అది యెవరిదో, ఏ సంవత్సరమున ఎక్కడ తొడిగిరో ఒక కాగితముమీద వ్రాసి లోపలిజేబున నుంచుడు. జేబు లేకున్న అస్తరునకు రెండు కుట్లు వేయుడు. తోలు నూఱేండ్లు నిలువగలదు. చెప్పువారు లేకున్న పేరు నిలువదు.